సూదమ్మ విప్పిన రఫూ

లోకంలో బాగుచేసేవాళ్ళు రెండు రకాలు. రేవు పట్నాల్లో తెరచాపలు కుట్టేవాళ్ళుంటారు, వాళ్ళ కుట్టు ఒడ్డున నిలబడ్డవాడికి కూడా కనబడాలి. లావుపాటి దారం, జానెడేసి అతుకులు. ఓడ ఎక్కబోయేవాడు తలెత్తి చూసి, ఫరవాలేదు, గట్టిగానే వేశారనుకుని ధైర్యంగా కాలు పెట్టాలి. పడవలకు తారు పూసేవాళ్ళు, రోడ్ల మీద గుంతలు పూడ్చేవాళ్ళు, చెప్పులకు అట్టలు వేసేవాళ్ళు అందరూ ఆ కోవే. చేసిన పని దాచుకోరు, దాచుకోవాలన్నా దాగదు. రెండో రకం వాళ్ళు పని చేస్తే చేసినట్టే తెలియకూడదు. కట్టుడు పళ్ళు చేసేవాళ్ళు, పాత పటాల మీద రాలిపోయిన రంగు మళ్ళీ దిద్దేవాళ్ళు, మాటలు మానుకున్న అన్నదమ్ముల్ని మూడో కంటికి తెలియకుండా కలిపేవాళ్ళు. వీళ్ళకు మెచ్చుకోళ్ళు దొరకవు. పని ఎంత బాగా కుదిరితే మనిషి అంత కనబడకుండా పోతాడు. సూదమ్మ ఈ రెండో రకం.

ఆవిడకు అమ్మానాన్న పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా బతికి లేదు. వీధి వీధంతా సూదమ్మే అంటారు. భర్త కోట్లు కుట్టే దర్జీ, ఆయన్ని కోటు మాస్టారంటారు. ఇద్దరిదీ ఒకటే కొట్టు, లాండ్రీ పక్కన మేడమెట్ల కింద. మెట్లు ఏటవాలుగా దిగుతాయి కనక కొట్టు కప్పూ ఏటవాలే. నిలబడగలిగినంత ఎత్తున్న వైపు మాస్టారి మిషనూ ఇస్త్రీ బల్లా, తల వంచుకోవాల్సిన వైపు సూదమ్మ పీటా దీపమూ. పెళ్ళయిన కొత్తలో మాస్టారు, "నువ్వెలాగూ తల వంచుకుని చేసే పనేగా, ఆ మూల నీది" అన్నాడట. ఆ మాట ఆవిడ మరిచిపోలేదు. ఆయన నడుం పట్టుకుని మూలిగినప్పుడల్లా, "నిటారుగా ఉండే మూల మీదేగా, మీకెందుకు నొప్పి" అని ఇప్పటికీ వడ్డిస్తుంటుంది.

రఫూ అంటే తెలియనివాళ్ళ కోసం ఒక మాట. మంచి కోటుకు ఎక్కడో నిప్పురవ్వ పడి చిల్లు పడిందనుకోండి. అతుకు వేస్తే అతుకు తెలుస్తుంది, కుడితే కుట్టు తెలుస్తుంది. రఫూ చేసే మనిషి ఆ కోటు లోపలి మడతలోంచే పోగులు లాగి, చిల్లు మీద పడుగు పరిచి, పేక దాటిస్తూ అక్కడికక్కడే మళ్ళీ బట్ట నేస్తుంది. వేలెడంత మగ్గం. పేకను అటూ ఇటూ నడిపే నాడె సూదే. అయ్యాక కోటు తీసుకున్నవాడు చిల్లు ఎక్కడుండేదో మరిచిపోవాలి. అదీ పనితనం.

డ్రాయింగు మాస్టారు ఆవిడకు పరిచయమైంది ఒక పేచీతోనే. ఆయన బడిలో బొమ్మలు నేర్పి రిటైరైన మనిషి. ఇంట్లో ముందుగది ఖాళీ చేసి, ఆదివారం వస్తే చాలు, ఊళ్ళో బొమ్మల పిచ్చి ఉన్నవాళ్ళందర్నీ పోగేసి కూర్చుంటాడు. తీగలకు టంకం వేస్తుండగా నిప్పు తగిలి ఆయన కాఫీరంగు కోటుకు జేబు పక్కన చిల్లు పడింది. తెచ్చి సూదమ్మకు ఇచ్చాడు. మళ్ళీ వచ్చినప్పుడు కోటు తిరగేసి చూసి, కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చూసి, "ఇది నాది కాదమ్మా. నా కోటుకు చిల్లుంది" అన్నాడు.

"ఉండేదండి."

"ఎక్కడ మరి?"

"అది తెలియకూడదనే గదండి మీరిచ్చింది."

"అలా కాదమ్మా, ఎవరి కోటో నాకు అంటగడితే రేపు వాళ్ళొచ్చి నన్ను దొంగ అనుకోరూ?"

కోటు మాస్టారు మిషను ఆపకుండానే, "లోపలి జేబులో చెయ్యి పెట్టండి సార్, మీ సుద్దముక్కలు అలాగే ఉన్నాయి. తెల్లదొకటి, ఎర్రదొకటి" అన్నాడు.

ఉన్నాయి. డ్రాయింగు మాస్టారు ఆ సుద్దముక్కలు అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కోటు వైపు చూశాడు. తర్వాత సూదమ్మ వైపు చూశాడు. "చిల్లు ఎక్కడుండేదో ఒక్కసారి వేలు పెట్టి చూపించమ్మా" అన్నాడు. ఆవిడ చూపించింది. నిజానికి ఆవిడకూ కాస్త వెతుక్కోవాల్సి వచ్చింది, ఆ సంగతి మాత్రం బయటపెట్టలేదు. "ఆదివారం మా ఇంటికి రండి" అన్నాడాయన. "బొమ్మలు నాకేం వచ్చండీ" అంటే, "వచ్చినవాళ్ళను పిలవను" అన్నాడు.

అలా మొదలైంది. ఆ ముందుగదిలో చేరేవాళ్ళు చిత్రమైన మనుషులు. బొమ్మలు నేర్చుకోవడానికి బయల్దేరిన మనిషి సాధారణంగా రంగుల పెట్టె కొనుక్కుంటాడు. వీళ్ళు బతుకుతెరువులో చేతికి తగిలే చెత్తనే పట్టుకొచ్చేవాళ్ళు. సెలూను నడిపే ఆయన తన దగ్గర రాలిన జుట్టును రంగుల వారీగా సీసాల్లో దాచి, అద్దం మీద జిగురు పూసి, ఆ జుట్టుతోనే జుట్టిచ్చిన మనుషుల ముఖాలు వేసేవాడు. నెరిసిన జుట్టు దగ్గర ఆయన చెయ్యి ఎంత మెత్తగా ఆడేదంటే, వృద్ధాప్యం అద్దం మీద మంచులా పేరుకున్నట్టుండేది. ఇక స్టిక్కర్ల పిల్ల ఉంది. బళ్ళకు నంబర్లూ అద్దాలకు అక్షరాలూ కత్తిరించే దుకాణంలో పని చేస్తుంది. ఇరవై దాటిందో లేదో, మాటలు మాత్రం బ్లేడు పెట్టి కోసినట్టుంటాయి. సూదమ్మను వచ్చిన మొదటి ఆదివారమే "పెద్దమ్మా" అనేసింది. సూదమ్మకు ఆ పిలుపు కొత్త, పిల్లలు లేని ఇల్లు వాళ్ళది. ఆ రోజు ఇంటికెళ్ళి వంట చేస్తూ రెండుసార్లు తనలో తనే నవ్వుకుంది. ఏమిటే అని కోటు మాస్టారు అడిగితే ఏం లేదంది.

ఆవిడకు వచ్చిన చిక్కు ఒకటే. దారం కనబడనివ్వమంటాడు డ్రాయింగు మాస్టారు. తెల్లగుడ్డ మీద ఎర్రదారం ఇచ్చి, ఇష్టం వచ్చినట్టు పోనివ్వమన్నాడు. ఆవిడ చెయ్యి ఇష్టం వచ్చినట్టు పోలేదు. తెల్లపోగు కింద ఎర్రపోగు దూర్చి దూర్చి, చివరికి ఎర్రదారమంతా గుడ్డ వెనక్కి చేర్చి, ముందువైపు తెల్లగుడ్డను తెల్లగుడ్డగానే తిరిగిచ్చింది. గదంతా నవ్వింది. ఆవిడా నవ్వింది. కానీ చేతిని ఏం చేస్తాం, దానికి నేర్పిన బుద్ధి దానిది. నడవడం నేర్చిన కాలికి తడబడడం నేర్పాలంటే అంతకంటే కష్టమైన చదువు లేదు.

కొట్టు గోడకు ఏళ్ళ తరబడి వేలాడుతున్న బూడిదరంగు కోటు ఒకటుంది. కొలతలిచ్చి కుట్టించుకున్నవాడు మళ్ళీ రాలేదు. ఊరే మారాడో, లావే ఎక్కాడో. సూదమ్మ ఆ కోటు తీసుకుంది. రఫూ చేసినప్పుడల్లా లాగిన పోగుల్లో ఒకటో రెండో మిగిలేవి, వాటిని పారెయ్యకుండా బిస్కట్ల డబ్బాలో వేసుకోవడం ఆవిడకు అలవాటు. ఇప్పుడు కోటు వీపులోంచి దాని సొంత పోగు ఒకటి లాగేసి, ఆ దారిలోనే డబ్బాలోని పోగు ఒకటి ఎక్కించింది. పెళ్ళికొడుకు సూటు పోగు, నర్సు స్వెట్టరు ఉన్ని, బస్సు డ్రైవరు ప్యాంటు, ఎవరో పోయినాయన శాలువా. తీరిక దొరికినప్పుడల్లా అదే పని. అలా కోటు వీపంతా వీధిలోని మనుషులే చేరారు. అడుగు దూరం నుంచి చూస్తే బూడిదరంగు కోటు. దగ్గరికొచ్చి చూసినా బూడిదరంగు కోటే. ముక్కు ఆనించేంత దగ్గరికి వెళ్తే మాత్రం, మునిమాపువేళ ఆకాశంలో ఎన్ని రంగులు నక్కి ఉంటాయో అన్నీ అందులో ఉండేవి.

డ్రాయింగు మాస్టారు ముక్కు ఆనించే చూశాడు. చూసి, కోటు పట్టుకునే కుర్చీలో కూలబడ్డాడు. "ఎంత పని చేశారమ్మా" అన్నాడు. కాస్సేపాగి, "ఒక్క పోగు కొస అయినా బయటికి వదలండి. చూసేవాడికి తలుపు ఎక్కడుందో తెలియాలి గదా" అన్నాడు.

"కొస వదిలితే పని తెలియనివాళ్ళు చేసినట్టుంటుందండి" అంది సూదమ్మ.

ప్రదర్శన పెడదామన్న ఆలోచన కూడా ఆయనదే. ఫర్నిచరు దుకాణం పైన సామాను ఖాళీ అయిన హాలు ఒకటి దొరికింది. పిలుపు కాగితం అచ్చయి వచ్చింది. దాని మీద "వర్ధమాన స్థానిక కళాకారుల మిశ్రమ మాధ్యమ సామూహిక ప్రదర్శన" అని ఉంది. కోటు మాస్టారు దాన్ని కళ్ళకు దూరంగా పట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు.

"మిశ్రమం అంటే ఇసుకా సిమెంటూ కంకరానా?"

"మీకు తెలియకపోతే ఊరుకోండి."

"వర్ధమానం అంటే పెరుగుతున్నవాళ్ళు. అంటే నువ్వింకా పెరుగుతున్నావన్నమాట. ముందే చెబితే జాకెట్లకు మడత కాస్త వదిలి కుట్టేవాణ్ణి."

అన్నాడే గానీ, ఆ కాగితాన్ని ఇస్త్రీ చేసి మిషను పైన గోడకు అంటించింది ఆయనే. కాగితానికి ఇస్త్రీ చేయడం ఆవిడ అప్పుడే చూసింది.

ప్రదర్శన రోజు పొద్దున్నుంచే సామాను మోత. స్టిక్కర్ల పిల్ల చేసిన పని ఎవరూ చూడలేదు, ఇంట్లో తలుపేసుకుని చేసింది. వెనక లైటు పెట్టాకే అసలు సంగతి అందరూ ఒక్కసారే చూడాలని దాని పట్టుదల. నిలువెత్తు చెక్క చట్రం, చుట్టూ పాత దుప్పటి చుట్టి వ్యాన్లోంచి దించారు. హాలుకు ఎక్కే మెట్లు ఇరుకు. పైన పిల్ల, కింద సూదమ్మ పట్టుకున్నారు. మలుపు దగ్గర రెయిలింగు కొస ఇనుప కొక్కెంలా పొడుచుకొచ్చి ఉంది, అక్కడ సూదమ్మ చెయ్యి కాస్త జారింది. పర్రుమని చప్పుడైంది.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏం లేదు, ఎక్కు ఎక్కు."

ఆ చప్పుడు ఆవిడకు బాగా తెలుసు. గుడ్డ చిరిగే చప్పుడు తల్లికి బిడ్డ ఏడుపు తెలిసినట్టు తెలుస్తుంది ఆ పనిలో ఉన్నవాళ్ళకు. పైకి చేరాక పిల్ల గోడ చూపించి, "దుప్పటి తీసి ఇక్కడ ఆనించండి పెద్దమ్మా. నేను కొట్టుకెళ్ళి అందరి పేర్ల స్టిక్కర్లూ, నా బల్బూ పట్టుకొస్తా" అని పరుగెత్తింది. డ్రాయింగు మాస్టారు నిచ్చెన కోసం వెళ్ళాడు. సెలూను ఆయన తన కొట్టు తెరవాలన్నాడు. హాల్లో సూదమ్మ ఒక్కతే మిగిలింది.

దుప్పటి తీసింది. చెక్క మీద ఒక నీలిరంగు యూనిఫారం చొక్కా, రెండు చేతులూ చాచినట్టు బిగించి ఉంది. చుట్టూ స్టిక్కరు కాగితంతో కత్తిరించిన చక్రాలు, పళ్ళ చక్రాలు, ఒకదాన్నొకటి తింటున్నట్టు. వాటి మధ్య నుంచి మిషను బెల్టు ముక్క ఒకటి నిజందే, నల్లగా. ఆ చక్రాలు కాగితంవని తెలుస్తూనే తిరుగుతున్నట్టు అనిపించాయి. ఎంత బాగా చేసిందీ పిల్ల అనుకుంటూ చూపు కుడిచేతి మీదికి పోనిచ్చింది సూదమ్మ. మోచేతి కింద బెత్తెడు పొడవున చిరుగు. అంచులు నోరు తెరుచుకుని ఉన్నాయి, పోగులు వేలాడుతున్నాయి, లోపల నల్లటి బోలు.

మెట్ల మీద తను పట్టుకున్నది సరిగ్గా ఆ వైపే.

ఎవరైనా అయితే ఏం చేస్తారు? పిల్ల వచ్చేదాకా ఆగి, చేతులు నలుపుకుంటూ చెబుతారు. సూదమ్మకు ఆ ఆలోచన రాలేదు. చిరుగును చూస్తే ఆవిడకు వచ్చే ఆలోచన ఒకటే, అది కూడా తలలోంచి రాదు, వేళ్ళలోంచి వస్తుంది. సంచిలో సూదులున్నాయి. అవి లేకుండా ఆవిడ పెళ్ళిళ్ళకు కూడా వెళ్ళదు. చొక్కా ముంజేతి మడత లోపలినుంచి నీలం పోగులు లాగింది. కిటికీ వెలుతురుకు చట్రం తిప్పుకుని, కింద కూర్చుని మొదలుపెట్టింది. వెలిసిన నీలం, ఉతికి ఉతికి మెత్తబడ్డ గుడ్డ. పోగు గట్టిగా లాగితే తెగుతుంది, వదులుగా వదిలితే ఉబ్బుతుంది. పిల్లకు తెలియకూడదు, దాని మనసు కష్టపెట్టకూడదు అని ఒకవైపు. ఇంకోవైపు, ఎప్పటిలాగే, పనిలో దిగాక వచ్చే ఆ ప్రశాంతం. మెడ పట్టేసిన సంగతి కూడా తెలియలేదు. చివరి పోగు వెనక్కి దాచి, అరచేత్తో ఒకసారి నిమిరి, ఎడంగా జరిగి చూసుకుంది. అక్కడ ఏమీ జరగలేదు. ఎప్పుడూ ఏమీ జరగలేదు. ఆవిడ బతుకులో చేసిన మంచి పనుల్లో అదొకటి, ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

సాయంత్రానికి అందరూ చేరారు. గోడల మీద సెలూను ఆయన ముఖాలు, ఇంకా నలుగురైదుగురి పనులు, మూల మేకుకు సూదమ్మ కోటు. జనం రావడానికి ఇంకా కాస్త టైముంది. పిల్ల చట్రం వెనక దూరి, చొక్కా చేతి వెనక చెక్కకు కోసిన కంత దగ్గర బల్బు బిగించి, "లైట్లు ఆపండి మాస్టారూ" అని కేకేసి స్విచ్చి వేసింది.

చట్రం అంచుల్లోంచి గోడ మీదికి పచ్చటి వెలుగు చిమ్మింది. ముందువైపు మాత్రం చొక్కా చొక్కాలాగే ఉంది.

"బల్బు వెలుగుతోందిగా మరి" అన్నాడు సెలూను ఆయన పక్కనుంచి వంగి చూస్తూ.

పిల్ల ముందుకొచ్చింది. చొక్కా కుడిచెయ్యి తడిమింది, ఇటు తడిమింది, అటు తడిమింది. "చిరుగేది?" అంది.

ఆ ప్రశ్న వినగానే సూదమ్మకు మొదట కలిగింది సంతోషమే. అందులో ఆవిడ తప్పులేదు. బతుకంతా ఆవిడ విన్న పొగడ్త అదొక్కటే. తర్వాత పిల్ల ముఖం చూసింది.

"నేనే తల్లీ. మెట్ల మీద పర్రుమంది గదా. నా చేతిలోనే చిరిగిందనుకున్నా. నువ్వొచ్చి చూసి బాధపడతావని..."

పిల్ల వెళ్ళి మూలన పడేసిన దుప్పటి తెచ్చి విప్పింది. మధ్యలో ఇంత పొడుగున చీలిక. "మెట్ల మీద చిరిగింది ఇది పెద్దమ్మా."

కింద దుకాణంలో ఎవరో బీరువా జరుపుతున్న చప్పుడు వినబడింది.

"ఈ చొక్కా మా అమ్మది" అంది పిల్ల. గొంతు ఎంత నెమ్మదిగా ఉందంటే, అరిచినా బాగుండేదనిపించింది సూదమ్మకు. "ఫ్యాక్టరీలో బెల్టు దగ్గర చెయ్యి లోపలికి పోయింది. పాత చొక్కా కాబట్టి చిరిగింది. చిరిగింది కాబట్టి చెయ్యి బయటికొచ్చింది. అదే కొత్తదైతే చేతినీ పట్టుకుపోయేది. నేను గోడకు పెట్టింది ఆ చిరుగునే. దాంట్లోంచి వెలుగు రావాలి. అమ్మ డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వస్తోంది, తనింకా చూడలేదు. ఇప్పుడేం చూపించను? పాత చొక్కా చూపించనా?"

సూదమ్మ గోడకు ఆనుకుంది. ఇన్నేళ్ళలో ఎన్ని మోచేతులు, ఎన్ని భుజాలు ఆవిడ చేతిలో గట్టిపడ్డాయో. చిరుగనేది మనిషికి పడ్డ మచ్చ అనీ, దాన్ని మాపడమే తన పని అనీ తప్ప, చిరుగు ఒక చేతిని దక్కించి ఉండొచ్చని ఆవిడకు ఏనాడూ తట్టలేదు.

"బ్లేడుంది నా దగ్గర" అన్నాడు సెలూను ఆయన, సాయం చేద్దామనే. "ఒక్క గీత గీస్తే మళ్ళీ..."

"బ్లేడు పెడితే కోత అవుతుంది" అన్నారు పిల్లా సూదమ్మా ఒక్కసారే. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పిల్ల ముఖం తిప్పేసుకుంది. "తీసేస్తా. నా మేకు ఖాళీగా ఉంచండి మాస్టారూ."

"ఆగు తల్లీ." సూదమ్మ గోడ వదిలి ముందుకొచ్చింది. "అది పోలేదు. లోపలే ఉంది. నేను కత్తెర పెట్టను, పాత పోగు ఒక్కటీ కోయలేదు. అన్నీ వెనక్కి పడుకోబెట్టానంతే. నేను వేసినవి నేను లాగేస్తే అవి మళ్ళీ లేస్తాయి."

"ఎప్పుడైనా విప్పారా ఇలా?"

"లేదు."

"తెగితే?"

"తెగితే నీ ఎదురుగా ఉంటా. ఎక్కడికీ పోను."

పిల్ల చట్రాన్ని బల్లకు ఆనించి నిలబెట్టడానికి ఒక కొస పట్టుకుంది. రెండో కొస సూదమ్మ పట్టుకుంది.

విప్పుదామని కూర్చున్నాక తెలిసింది అసలు కష్టం. తన పోగులు తనకే కనబడలేదు. కళ్ళజోడు పైకీ కిందికీ జరిపింది, గోటితో గీరింది, చెంప ఆనించి చూసింది. ఎక్కడా అంచు దొరకలేదు. ఎదుటివాడికి కనబడకూడదని చేసిన పని, చేసిన మనిషికైనా కనబడితే గదా. మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. డ్రాయింగు మాస్టారు, కాసేపు ఆగమని చెబుదామని వెళ్ళాడు గానీ, పిలిచి రప్పించుకున్నవాళ్ళను మెట్ల మీద ఎంతసేపని నిలబెడతాడు. ఒక్కొక్కరే లోపలికి వచ్చారు.

"బల్బు" అంది సూదమ్మ. "దాన్ని వెనకాల దగ్గరగా పెట్టు తల్లీ. ఇంకా దగ్గరికి. కాస్త కిందికి."

పిల్ల చట్రం వెనక మోకాళ్ళ మీద కూర్చుని బల్బు పట్టుకుంది. వెలుగు గుడ్డకు ఆనగానే, పాత పోగూ కొత్త పోగూ జతపడ్డ చోట సన్నటి నీడ లేచింది. చిరుగు చుట్టూ, ఆకు ఈనెల్లా. సూదమ్మ సూది మొన ఆ నీడ కిందికి పోనిచ్చింది. మొదటి పోగు వచ్చింది. అది వచ్చిన దారిలోంచి ఒక వెంట్రుకంత వెలుగు బయటికొచ్చింది.

వచ్చినవాళ్ళు ముందు గోడల వైపే వెళ్ళారు. గోడకు వేలాడే వస్తువు ముందు మనిషి చేతులు వెనక్కి కట్టుకుని, తల కాస్త పక్కకు వంచి నిలబడతాడు. అర్థమైనా కాకపోయినా ఆ భంగిమ మారదు. ఆ రోజు ఆ భంగిమలన్నీ ఒక్కొక్కటే విడిపోయాయి. ఒకరు బల్ల దగ్గరికి వచ్చారు, ఆ వెనక ఇంకొకరు. సూదమ్మ తలెత్తలేదు. పోగు లాగినప్పుడల్లా గుడ్డలో ఒక గీత వెలిగేది. ఒక గీత పక్కన ఇంకో గీత. చుట్టూ ఉన్నవాళ్ళు తమకు తెలియకుండానే నీడ పడకుండా ఎడంగా జరిగారు. వెనకనుంచి ఎవరో, "ఏం చేస్తున్నారావిడ?" అని గొణిగితే, "చూడండి, మాట్లాడకండి" అన్నారెవరో. జీవితంలో మొదటిసారి సూదమ్మ చేతిపనిని జనం కళ్ళారా చూస్తున్నారు, అదీ దాన్ని లేకుండా చేస్తున్నప్పుడు. ఆవిడ చేసినంత నేర్పుగానూ విప్పింది. నిజం చెప్పాలంటే అంతకంటే నేర్పుగా.

గుంపులోకి నీలం చొక్కా వేసుకున్న ఒకావిడ వచ్చి నిలబడింది. చేతిలో టిఫిను డబ్బా. ఏ గోడ వైపూ వెళ్ళలేదు. బల్లకు ఆనించిన చొక్కా చూసి గుర్తుపట్టింది, ఎవరూ చెప్పకుండానే. చివరి పోగు వచ్చేసరికి వెనక్కి పడుకున్న పాత పోగులన్నీ లేచి నిలబడ్డాయి. సూదమ్మ సూది మొనతో ఒక పొడుగు పోగును ఎడమకు ఒరిగేలా వేసింది. "ఇది ఇటే ఉండేది" అంది తనలో తను అనుకున్నట్టు. పిల్ల లేచి ముందుకొచ్చి చూసింది. తలూపింది. ఇద్దరూ చట్రం ఎత్తి గోడకు పెట్టారు. లైట్లు ఆపారు.

కాగితపు చక్రాల మధ్య, చాచిన నీలి చేతిలోంచి, ఆ చిరిగిన నోట్లోంచి వెలుగు హాలు సగం దాకా వచ్చి పడింది.

టిఫిను డబ్బా పట్టుకున్న ఆ తల్లి దగ్గరికెళ్ళి, ఆ వెలుగులో తన కుడిచెయ్యి పెట్టి, ఇటూ అటూ తిప్పి చూసుకుంది. తర్వాత సూదమ్మ వైపు తిరిగింది. "అప్పుడు మీరు తెలిసుంటే బాగుండేదక్కా. చివికిన చొక్కాలన్నీ మీ చేత గట్టి చేయించుకునేదాన్ని."

"తెలియకపోవడమే మంచిదైందిలే అమ్మా" అంది పిల్ల. ఆ తర్వాత, ఎవరికీ వినబడకుండా సూదమ్మ వైపు జరిగి, "అరిచుంటే సారీ పెద్దమ్మా" అంది.

"నువ్వు అరవలేదు తల్లీ. అరిస్తే బాగుండేది."

విప్పిన నీలం పోగులు సూదమ్మ ఎడమచేతి వేళ్ళకు చుట్టుకుని ఉన్నాయి. పిల్ల వాటిని విడదీయబోయి, ఆగి, ఆవిడ గుప్పిట మూసింది. "ఉంచుకోండి."

మళ్ళీ లైట్లు వేశాక సెలూను ఆయన ముఖాల ముందు జనం గుమిగూడారు, తమ ముఖాలు వెతుక్కుంటూ. అప్పుడే కోటు మాస్టారు, తనే కుట్టుకున్న సూటు వేసుకుని, ఆలస్యంగా, కాస్త బిడియంగా వచ్చాడు. హాలంతా కలయజూసి నేరుగా మూలకు వెళ్ళాడు. సూదమ్మ బూడిదరంగు కోటు మీద ఎవరో హెల్మెట్ తగిలించి పోయారు. మాస్టారు దాన్ని తీసి, దొంగ దొరికినట్టు పైకెత్తి పట్టుకున్నాడు.

"ఎవరిదండీ ఇది? మా ఆవిడ బొమ్మ మీద పెట్టారు."

హెల్మెట్ మనిషి పరుగెత్తుకొచ్చి, "కోట్లు తగిలించే చోటనుకున్నా సార్" అని నొచ్చుకున్నాడు. "ఇందులో ఏముంది సార్?" అని అడిగాడు కూడా, మర్యాదగానే.

సూదమ్మ వచ్చి ఇద్దరి మధ్య నిలబడింది. గుప్పిట్లోంచి ఒక నీలం పోగు తీసి సూదికెక్కించింది. కోటు వీపు మీద, నర్సు స్వెట్టరుకూ శాలువాకూ మధ్య చోటు చూసి, నాలుగు పోగుల కింద దూర్చింది. ఎప్పటిలాగే కొస వెనక్కి పంపబోయి ఆగింది. సూది తీసేసింది. ఆ కొస బూడిదరంగు మీద, నీలంగా, వేలెడు పొడవున వేలాడుతూ ఉండిపోయింది. హెల్మెట్ మనిషి దాన్ని చూడ్డానికి వంగాడు. వంగినవాడు ముక్కు కోటుకు ఆనేదాకా వంగి, మళ్ళీ చాలాసేపు లేవలేదు.

డ్రాయింగు మాస్టారు దూరం నుంచి అది చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

కోటు మాస్టారికి మాత్రం చెయ్యి ఊరుకోవడం లేదు. పెళ్ళాం వైపు వంగి, నలుగురూ వినకుండా, "ఏమే, పోగు వేలాడుతోంది. నా దగ్గర చిన్న కత్తెర ఉంది, కోసెయ్యనా?" అన్నాడు.

"చెయ్యి తియ్యండి" అంది సూదమ్మ.